అడుగు మాడు తినడానికి వాలెన్సియాకి

“కలపడంట నాయనా! బియ్యం వేసినాక ఇంక గరిటె ముట్టడంట. పక్కన నిలబడి చూస్తంటాడు, అంతే. నాకైతే ఫోన్లోకి దూరి ఒక్క తిప్పు తిప్పి వద్దామని చెయ్యి గుంజుతాది. చివరికి ఏం చేసినాడనుకున్నావు? వంగి చెవి పెట్టినాడు. పెనం అడుగున చిటపట వినపడేదాకా విని, అప్పుడు మంట తీసేసినాడు. అడుగంతా మాడు! ఆ మాడును గీకి గీకి, దాని కోసం వాళ్లలో వాళ్లు పోట్లాడుకుంటన్నారు. నా కాడ అన్నం అడుగంటితే మీ చిన్నాయన యాత్రికులకు మొహం చూపించలేక బస్సు వెనక దాక్కునేవాడు.”

“దాక్కున్నది ఒక్కసారే” అని లోపలి నుంచి లక్ష్మీకాంత్ గారి గొంతు వినిపించింది.

“ఒక్కసారే మాడింది గాబట్టి ఒక్కసారే దాక్కున్నావు.”

నాగలక్ష్మి గారిని నేను చిన్నమ్మా అంటాను, ఆమె భర్త లక్ష్మీకాంత్ గారిని చిన్నాయనా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, మార్కాపురంలో మాది ఒకే వీధి. ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆమె వసారాలో పీట వేసుకుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. ఎదురుగా ఫోను గోడకు ఆనించి ఉంది. అందులో స్పెయిన్ దేశం, వాలెన్సియా నగరం శివారులో ఒక నారింజ తోట. తోటలో నారింజ కట్టెల మంట, మంట మీద మన జిలేబీల మూకుడు కన్నా వెడల్పైన పెనం, పెనం పక్కన కొంచెం పొట్ట ఉన్న ఒక పెద్దాయన. ఆయన వండేది పాయెయా. కూరగాయలో మాంసమో వేసి, కుంకుమపువ్వుతో పచ్చగా వండే అన్నం అది. ఆ వీడియో ఆమె ఎన్నిసార్లు చూసిందో నాకు తెలియదు. పెద్దాయన తల ఎప్పుడు వంచుతాడో మాత్రం ఆమెకు ముందే తెలుసు. ఆ క్షణానికి గోరుచిక్కుడు తుంచడం ఆపి, ఆమె కూడా కాస్త తల వంచుతుంది.

ఎందుకు వంచుతుందో తెలియాలంటే ఆమె చేసిన పని తెలియాలి.

నాగలక్ష్మి పుట్టింది పామూరులో, కిరాణా దుకాణం వాళ్లింట్లో. పెళ్లయి మార్కాపురం వచ్చేనాటికి లక్ష్మీకాంత్ గారు ఒక పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. తరవాత ఆయన తీర్థయాత్రల బస్సు పెట్టారు. శ్రీశైలం, తిరుపతి, రామేశ్వరం, ఏడాదికొకసారి కాశీ. పొదిలి నుంచి, వెలిగండ్ల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం ఆ బస్సు ఎక్కేవారు. బయటి తిండి తినని వాళ్లే ఎక్కువ, అందుకని పొయ్యి, డేక్సాలు, బియ్యం, పప్పు అన్నీ బస్సులోనే వెళ్లేవి. మొట్టమొదటి యాత్రలోనే వంటమాస్టరు గిద్దలూరులో టీ తాగి వస్తానని దిగి, మళ్లీ ఎక్కలేదు.

“ఎందుకు ఎక్కలేదు చిన్నమ్మా?”

“మీ చిన్నాయన్ని అడిగితే వాడు మంచోడు కాదంటాడు. వాణ్ణి అడిగితే ఏం చెప్పేవాడో! బస్సు ఆపుకోని అందరూ దిక్కులు చూస్తన్నారు. నేనేమో కొత్త కోడల్ని. మా వదిన డిక్కీలోంచి గరిటె తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. ‘వండు మే, ఏం చేసినా తింటాం, ఆకలి మీద ఉన్నాం’ అనింది. ఉప్మా చేసినా. అదే, ఆ ఉప్మా! ఆడ మొదలైంది.”

ఆ వదిన మహాలక్ష్మి గారు. లక్ష్మీకాంత్ గారి అక్క, ఉండేది పొదిలిలో. తమ్ముడి బస్సు ఏ యాత్రకు కదిలినా ముందు సీటు ఆమెదే.

యాత్ర వంటకు ఒక పద్ధతి ఉంది. దేవుడికి నైవేద్యం పెట్టకముందు వండిన మనిషి నోట్లో వేసుకుని చూడకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో వాసన చెప్పాలి, ఉడికిందో లేదో చప్పుడు చెప్పాలి. నాగలక్ష్మి ముప్ఫై ఏళ్లు డేక్సా దగ్గర చెవి పెట్టి అన్నం వండింది. ఉడుకు చప్పుడు మారితే మంట తగ్గించేది. అందరూ తిన్నాక, డేక్సాల అడుగున ఏమైనా మిగిలితే నిలబడి తినేది. కాశీ అంటే ఆమెకు బాగా తెలిసింది సత్రం వెనక పెరడు. రామేశ్వరం అంటే సముద్రపు గాలికి ఆరిపోయే పొయ్యి. నేను ఏ క్షేత్రం గురించి అడిగినా ఆమె ముందు నీళ్ల కొళాయి ఎంత దూరమో చెబుతుంది. దేవుడు ఆ తరవాత వస్తాడు.

యాత్రలు మానేశారు. చిన్నమ్మ మోకాళ్లు నొప్పి అంటోందని లక్ష్మీకాంత్ గారే నిరుడు బస్సు అమ్మేశారు. ఆ తరవాత ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తుంటే ఆమెకు ఈ పెద్దాయన కనిపించాడు. ఎక్కడో సముద్రాల అవతల, భాష తెలియని ఒక మనిషి, అన్నం దగ్గర చెవి పెట్టి వింటున్నాడు!

“పోదాం” అంది మొగుడితో.

“యాడికి?”

“ఈయన కాడికి.”

లక్ష్మీకాంత్ గారు నవ్వి ఊరుకునే మనిషి కాదు. ఎక్కడికైనా పోదామంటే ఆయనకు చాలు. శ్రీలంక యాత్రకని తీసుకున్న పాస్‌పోర్టులు ఉండనే ఉన్నాయి. కార్తీకం వెళ్లాక, మార్గశిరంలో అనుకున్నారు. అప్పటికి ఆ తోటల్లో నారింజలు పండి ఉంటాయి. స్పెయిన్ అంతా తిరగరు, ఒక్క వాలెన్సియా, నాలుగు రోజులు. ఇంటర్నెట్‌లో చూసి చెప్పే పని నాకు అప్పజెప్పారు. ఆ పెద్దాయన తోటలో, ముందే రాసి చెప్పుకున్న వాళ్లకు భోజనం పెడతారని చూసి చెప్పాను. నాకూ అదే కావలసింది. సాయంత్రం అయితే వాళ్ల వసారాలో ఉండేవాణ్ణి.

ఆ కోరికలో అసలు సంగతి ఒకటుంది. అది ఆమె మొదటి రోజే చెప్పింది.

“ఒక్క ప్రయాణం నేను వండకుండా పోవాల నాయనా. ఎవరో వండతంటే నేను కూర్చోని చూడాల. పెడితే తినాల. దానికి అంత దూరం ఎందుకు, వెలిగండ్ల పోతే చాలదా అంటావేమో. వెలిగండ్లలో నన్ను కూర్చోనిస్తారా? ‘నాగలక్ష్మమ్మ వచ్చింది, ఆ పులిహోర కాస్త నీ చేత్తో కలుపు తల్లీ’ అంటారు. నన్ను ఎరగని ఊరికే పోవాల.”

లక్ష్మీకాంత్ గారికి యాత్ర ప్రోగ్రాం పలక మీద రాయడం అలవాటు. పెద్ద పలక, వసారాలో మేకుకు వేలాడుతుంది. బస్సు నడిపిన రోజుల్లో యాత్రికులు వచ్చి అది చదువుకుని పోయేవారు. ఇప్పుడు దాని మీద వాలెన్సియా ఎక్కింది. పొద్దున నాలుగింటికి స్నానాలు. ఆరింటికి ఫలహారం. ఏడింటికి పెద్ద మార్కెట్టు దర్శనం. పదకొండుకు భోజనం. నేను చదివి, “చిన్నాయనా, అక్కడ హోటళ్లలో మధ్యాహ్నం భోజనం ఒకటిన్నర దాటితే గాని మొదలుకాదు. రెండింటికి ఎక్కువ మంది తింటారు” అన్నాను.

“రెండింటికా? నాలుగింటికి లేచినోళ్లు రెండింటిదాకా ఏం గావాల?”

“నాలుగింటికి ఎందుకు లేవాల?” అంది చిన్నమ్మ. “ఆడ క్యూలైను ఉందా?”

ఆయన బలపం పట్టుకుని ఆలోచనలో పడ్డారు. “లేవకపోతే యాత్ర అని ఎట్ల అనిపిస్తాది?”

“అనిపించకపోతే పోనీ. చెరిపెయ్.”

ఆ రోజు నుంచి పలక తుడవడం, రాయడం. మార్కెట్టు ఉండాల్సిందే అన్నది ఆమె. ఇనుపకమ్మీలూ అద్దాలూ వేసిన పెద్ద గోపురం కింద కూరగాయలు, పండ్లు, బాదం, కుంకుమపువ్వు అమ్ముతారని వీడియోల్లో చూసింది. దానికి ఎదురుగానే వందల ఏళ్ల కిందటి పట్టు వర్తకుల మందిరం ఉంది. మెలి తిప్పిన తాళ్లలాంటి రాతి స్తంభాలు. లోపల గోడల చుట్టూ పైన పెద్ద అక్షరాలతో ఒక మాట చెక్కి ఉంది: మాటతో మోసం చెయ్యని వర్తకుడు, వడ్డీకి ఆశపడని వర్తకుడు బాగుపడతాడని దాని భావం. అది చదివి వినిపిస్తే లక్ష్మీకాంత్ గారు, “మా బజారోళ్లను అందరినీ తీస్కపోవాల్సింది” అన్నారు. “నిన్ను తీస్కపోతన్నాం గదా, చాల్లే” అంది ఆమె.

ఏరు సంగతి ఆయనకు బాగా నచ్చింది. ఒకప్పుడు వరద వచ్చి ఊరు మునిగితే, వాలెన్సియా వాళ్లు ఏటిని ఊరి పక్కకు మళ్లించి, పాత ఏటిలో పొడవునా తోట వేసుకున్నారు. “నీళ్లు లేని ఏర్లు మనకూ ఉండాయి. తోట వెయ్యాలని మనకు తోచలేదు, అంతే” అన్నారు. అంతకన్నా నచ్చింది నీళ్ల పంచాయితీ. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద చర్చి వాకిట్లో రైతులే కుర్చీలేసుకుని కూర్చుంటారు. ఎవరి కాలవ నీళ్లు ఎవరు మళ్లించుకున్నారో నోటిమాటగా విని, అక్కడే తీర్పు చెబుతారు. ఆయన పలక మీద గురువారం చుట్టూ గుండ్రంగా గీత గీశారు. “మనకు తగాదా పడేదానికన్నా ముందు నీళ్లుండాల గదా. తగాదా ఎట్ల ఉంటాదో చూసొస్తా” అన్నారు. తుంగగడ్డల లాంటి చిన్న గడ్డలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, చల్లగా తాగుతారని నేను చెబితే ఇద్దరూ నమ్మలేదు. మన చేలల్లో కలుపని పీకి గట్టు మీద వేసేదాని చుట్టమే అది. “తాగుతా” అంది చిన్నమ్మ. “గట్టు మీద పారేసినందుకన్నా ఒక గ్లాసు తాగాల.”

ఇంత వరకూ సాఫీగానే జరిగింది. ఇక వీసా పని పెట్టాలి, సోమవారం హైదరాబాదు పోవాలి. అప్పుడు పొదిలి నుంచి మహాలక్ష్మి గారు దిగారు.

“స్పెయిన్ అయితే నాకేంది భయం” అన్నారామె చెప్పులు విడుస్తూనే. “విమానం ఎక్కలేదా, లంకకు పోలేదా? వస్తా. కాని అన్నం మటుకు నాగలక్ష్మి చేతిదే. కూడెట్ల చేస్తారో తెలియని వాళ్ల కాడ నేను తినను. పొయ్యి ఉండే గది చూడండి. బియ్యం, పప్పు, చిన్న కుక్కరు నేను తెస్తా.”

లక్ష్మీకాంత్ గారు పెళ్లాన్ని చూశారు, అక్కను చూశారు, చేసేది లేక పలక తుడిచారు. గురువారం చుట్టూ గీసిన గీత కూడా పోయింది. అక్క రాకుండా ఆయన ఎక్కడికీ కదలరు. ఇన్నేళ్లలో ఒక్క యాత్రా ఆమె లేకుండా చెయ్యలేదు. ఆమె వస్తే పొయ్యి వస్తుంది. పొయ్యి వస్తే చిన్నమ్మ వాలెన్సియాలో కూడా గరిటె పట్టుకుని నిలబడుతుంది. ఎటు చూసినా అంతే.

మరునాడు వెళ్లేసరికి చిన్నమ్మ హుషారుగా ఉంది. “ఒక ఉపాయం తట్టింది. వదినకు భయం ఆ తిండి మీద గదా? ఆ తిండి ఏందో చూపిస్తే సరి. ఆదివారం మన పెరట్లో పాయెయా.”

ఆదివారం ఆ పెరడు చూడాలి. గోదాములోంచి జిలేబీల మూకుడు బయటికొచ్చింది. కొండమ్మ కూడా వచ్చింది. నల్లమల అంచున ఉన్న గూడెం ఆమెది. అడవిలో కుంకుడుకాయలు, చింతపండు ఏరి తెచ్చి మార్కాపురంలో అమ్ముకుంటుంది. యాత్రల్లో ఎప్పుడూ కూరగాయలు కోసే చెయ్యి ఆమెది. నారింజ కట్టెలు దొరకవు గనక, తర్లుపాడు దారిలో ఎండిపోయిన ఒక తోట నుంచి బత్తాయి కట్టెలు మోసుకొచ్చింది. ఆ దేశపు చిక్కుళ్ల బదులు గోరుచిక్కుళ్లు, వాళ్ల తెల్లగింజల బదులు అనపగింజలు. టమోటాలు, వేరుశనగ నూనె. కుంకుమపువ్వు మాత్రం నిజంది. మహాలక్ష్మి గారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు.

మొదటి తప్పు బియ్యం దగ్గర జరిగింది. చిన్నమ్మ బియ్యాన్ని మూడుసార్లు కడిగి, నాలుగోసారి నీళ్లు పోస్తుండగా గుర్తొచ్చింది, ఆ పెద్దాయన అసలు కడగడని.

“కడగకుండా బియ్యం పొయ్యి మీదకా? చూస్తా చూస్తా ఎట్ల వేస్తా?” అని కాసేపు నిలబడి, మళ్లీ పొడి బియ్యం తీసింది. తీసిందే గాని, మొహం పక్కకు తిప్పుకుని వేసింది.

నీళ్లు పైకి తెర్లాయి. ఇక కలపకూడదు. ఆమె చెయ్యి గాలిలోనే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కొండమ్మ గబుక్కున గరిటె లాక్కుని వీపు వెనక దాచుకుంది.

“ఇటియ్యి మే.”

“ఇయ్యను. రా, గుంజుకో చూద్దాం.”

“అంచు కాడ ఒక్కసారి కదిలిస్తా.”

“ముసిలాయన కదిలించినాడా? నువ్వే గదా కదిలించకూడదంటివి. నాగలక్ష్మక్కా, చేతులు కట్టుకోని కూర్చో, బడిపిల్లోళ్ల మాదిరి.”

ఆమె నిజంగానే చేతులు కట్టుకుంది. నీళ్లు ఇగిరాయి. అందరం మాటలు ఆపేశాం. చిన్నమ్మ వంగి మూకుడు దగ్గర చెవి పెట్టింది. ముందు ఏమీ లేదు. తరవాత, ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడిచినట్టు, అడుగు నుంచి చప్పుడు. మాడు వాసన ఇంకా రాలేదు, వచ్చేముందు ఉండే తియ్యటి వాసన వచ్చింది. “తియ్!” అంది. కొండమ్మ కట్టెలు లాగేసింది.

దేవుడికి చూపించి, మహాలక్ష్మి గారికి ముందు పెట్టారు. ఆమె రెండు ముద్దలు మాట్లాడకుండా తిన్నారు. మూడో ముద్దకు, “పులిహోరకు తమ్ముడు మాదిరి ఉంది” అన్నారు. మాడు వడ్డిస్తే పంటి కింద కరకరమనిపించి, మళ్లీ చెయ్యి చాపారు. చివరికి తానే లేచి, అట్లకాడతో మూకుడు అంచు గీకారు.

చిన్నమ్మ మొహం వెలిగిపోయింది. “ఏం వదినా? ఇదే వాళ్ల తిండి. తినేదానికి కష్టంగా ఉందా?”

“కష్టమేంది, అమృతం!” అన్నారు మహాలక్ష్మి గారు చెయ్యి కడుక్కుంటూ. “ఇంత బాగా నీ చేతికే వచ్చినప్పుడు, వాళ్ల కాడికి పోయి తినేదేముంది మే? ఈ మూకుడు ఒకటి మూట కట్టుకుంటే ఆడనే వండుకోవచ్చు.”

కొండమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. లక్ష్మీకాంత్ గారు మూకుడు వంక చూస్తూ, అది విమానంలో ఎట్లా పడుతుందా అని నిజంగానే ఆలోచిస్తున్నట్టు కనిపించారు. పరాయి వంట తినేలా వదినను ఒప్పించడానికి తనే వండి పెట్టడం, చిన్నమ్మ చేసిన పొరపాటు అది. ఇంకెవరైనా అయితే హోటల్‌కి తీసుకుపోయేవారు. ఆమెకు ఆ ఆలోచనే రాలేదు.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. మూకుడు పక్కనే కింద కూర్చుంది. అందరికీ వడ్డన అయినా ఆమె ఇంకా తినలేదు. మెల్లగా అడిగింది.

“వదినా, కాశీలో నువ్వేం వదిల్నావు?”

కాశీకి పోయినవాళ్లు గంగలో మునిగి, తమకు ఇష్టమైన కాయో పండో ఒకటి అక్కడ వదిలేసి వస్తారు. ఇక బతికినంత కాలం దాన్ని ముట్టరు. బస్సులో ఎవరు ఏది వదిలారో గుర్తుపెట్టుకుని, తిరుగు దారిలో వాళ్ల విస్తరిలో అది పడకుండా చూడటం కూడా వంట చేసే మనిషి పనే.

“కాకరకాయ” అన్నారు మహాలక్ష్మి గారు. “నీకు తెల్దా?”

“కాకరకాయ నీకు ఎప్పుడిష్టం? చిన్నప్పటి నుంచీ పక్కకు నెట్టేదానివంట, అత్త చెప్పేది. నీ తమ్ముడేమో పనసకాయ వదిల్నాడు. మార్కాపురంలో పనసకాయ ఎన్నిసార్లు వండుకున్నాం?”

“నాకిష్టమే” అన్నారు లక్ష్మీకాంత్ గారు. “దొరకదు, అంతే.”

“నేనేం వదిల్నానో ఎవరన్నా అడిగినారా?”

అందరూ మునకకు పోయినప్పుడు ఆమె సత్రం వెనక పొయ్యి దగ్గరే ఉండేది. ఆమె కూడా ఏదో ఒకటి వదలాల్సిన మనిషని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

“నిరుడు మాఘంలో కొండమ్మను పొయ్యి కాడ కూర్చోబెట్టి నేనూ పోయినా. మూడు మునకలు వేసినా. ఇష్టమైంది వదలాలన్నారు గదా, నీళ్లలో నిలబడి ఆలోచన చేసినా. ఏ కాయా గుర్తుకు రాలా. నాకు వండేదానికన్నా ఇష్టమైంది ఏముంది వదినా? అదే వదిల్నా. ఇంట్లో వండుకుంటా. గడప దాటి ప్రయాణం పోతే ఇంక గరిటె పట్టుకోను.”

“మోకాళ్ల నొప్పి అంటివి గదే!” అన్నారు లక్ష్మీకాంత్ గారు.

“మోకాళ్లు కూడా నొప్పే.”

“బస్సు అమ్మేసినా గదా!”

“అమ్మినావు, మంచి పని. నేను అడగలా.”

“కాశీలో కాయ వదుల్తారు, పండు వదుల్తారు” అన్నారు మహాలక్ష్మి గారు. ఆమె గొంతులో కోపం కన్నా కంగారు ఎక్కువుంది. “వంట వదిలేది యాడన్నా ఉందా మే? ఎవరన్నా వింటే నవ్వుతారు.”

“అందుకే ఎవురికీ చెప్పలా.”

కొండమ్మ చెంగు నోట్లోంచి తీసింది. “నిజమే పెద్దమ్మా. ఆ పొద్దు తడిచీరతో వచ్చినాక ఈ యమ్మ పొయ్యి ముట్టలా. కడుపునొప్పి అనింది. కాశీ నుంచి మార్కాపురం దాకా వండింది నేనే గదా. ఉప్పు ఎక్కువైందని దారంతా నన్ను తిట్టినారు. అందరికన్నా ఎక్కువ తిట్టింది నువ్వే.”

మహాలక్ష్మి గారు చిన్నమ్మ చేతుల వంక చూశారు. గిద్దలూరులో గరిటె తెచ్చి ఆ చేతిలో పెట్టిన మనిషి ఆమే. ఆ ముచ్చట ఆమె ఎన్ని పెళ్లిళ్లలో, ఎంతమందికి గొప్పగా చెప్పారో నాకు తెలుసు.

“గంగలో వదిలింది మళ్లా తీసుకోమని నా నోటితో నేను అనలేను” అన్నారు. “మీరు ఇద్దరూ పోయి రండి. నేను ఆడికి వచ్చి ఏం తినేది? ఎవుర్ని అడిగేది? ఇందులో ఏం వేసినారయ్యా అని ఏ భాషలో అడగాల? నాకేమో అడగందే ముద్ద దిగదు. అడిగితే నవ్వుతారు.”

అప్పుడు తెలిసింది, ఆమె బెంగ వంట మీద కాదు. అడగలేకపోవడం మీద.

చిన్నమ్మ లేచి వదిన కుర్చీ పక్కన వచ్చి కూర్చుంది. “నేనుంటాను గదా పక్కన. నేను అడుగుతా. ఈ అబ్బయ్య నేర్పిస్తాడు, నాలుగు ముక్కలు నేర్చుకుంటా. నవ్వితే నన్ను చూసి నవ్వనీ. ఇన్నేండ్లు మీరందరూ తిన్నాక తిన్నా. ఈసారి ముందు నేను తింటా. నేను తిని బాగుందంటే నువ్వు తిను. అంతకన్నా ఏం గావాల?”

“ఉప్పు చూసి చెప్తావా?”

“ఉప్పు చూసి చెప్తా. ఈసారి నోటితో చూస్తా.”

మహాలక్ష్మి గారికి నవ్వు వచ్చింది. దాన్ని దాచుకోవడానికి తమ్ముడి మీద విరుచుకుపడ్డారు. “ఏందిరా చూస్తన్నావు? ముగ్గురమని రాయి పలక మీద. నేను మాగాయ సీసా తెచ్చుకుంటా, అది వంట కాదు గదా?”

“సీసా వంట కాదు” అంది చిన్నమ్మ.

లక్ష్మీకాంత్ గారు బలపం వెతుక్కుంటూ వసారాలోకి పోయారు. కొండమ్మ ఒక ఆకులో అన్నం, పైన మాడుతో సహా పెట్టి తెచ్చి చిన్నమ్మ చేతికిచ్చింది. ఆమె నిలబడి తినబోయి, ఆగి, కొండమ్మ తోసిన పీట మీద కూర్చుంది. ఒక ముద్ద తిని కాసేపు నమిలింది.

“బాగానే ఉంది. కాని ఇది నా చెయ్యి నాయనా. నా చెయ్యి రుచి నాకు తెల్సు. ఆయన చెయ్యి తెలియాల.” ఇంకో ముద్ద పెట్టుకుని నా వైపు తిరిగింది. “నువ్వు ఇంకా కూర్చున్నావేంది? ఆ తోటలో భోజనం కావాలంటే ముందే చెప్పి పెట్టుకోవాలంటివి గదా. పోయి వాళ్లకు రాయి. గురువారం, నీళ్ల పంచాయితీ చూసుకోని ముగ్గురం వస్తామని రాయి. మాంసం, చేప, గుడ్డు వద్దు. వేరే పెనంలో పెట్టిన గరిటె మా పెనంలో పెట్టొద్దు. అది అన్నిటికన్నా పైన రాయి, వదిన కోసం. కింద నా కోసం ఒక్క ముక్క. పొయ్యి పక్కన, పొగ రాని వైపు, ఒక కుర్చీ వెయ్యమను. నేను ఊరుకోలేక లేచి సాయం చెయ్యబోతే, చెయ్యి పట్టి కూర్చోబెట్టమని కూడా రాయి. లే, పో, ఇప్పుడే రాయి. వాళ్లకింకా అన్నం పొద్దు కాలేదు, చూసుకుంటారు.”